ఆ కొండమీద కత్తి తిప్పుతున్న పిల్లాడు ఎవరు?

ప్రశ్న: తాతగారి ట్రంకుపెట్టెలో ఒక జపాన్ బొమ్మ దొరికింది. రాత్రిపూట అడవిలో పదేళ్ల పిల్లాడు రెక్కలు, పొడుగు ముక్కులు ఉన్నవాళ్ల మీద కత్తి దూస్తున్నాడు, ఒక తెల్లగడ్డం ముసలాయన చూస్తున్నాడు. ఏమిటీ కథ? ఇది చేత్తో వేసిందా, అచ్చా? మావారు లామినేషన్ చేయిద్దామంటున్నారు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ లామినేషన్ ఆపించండమ్మా! ఆ వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతే ఇక దాన్ని విడదీయలేం.

మీరు చెప్పిన గుర్తులను బట్టి ఆ పిల్లాడు ఉషివకమారు. పెద్దయ్యాక పేరు మినమోతో యోషిత్సునె. 1159లో పుట్టాడు, ఏడాది తిరిగేసరికి తండ్రి హతమయ్యాడు, గెలిచిన తైరా వంశంవాళ్లు పసివాణ్ని చంపకుండా వదిలేస్తే క్యోటోకి ఉత్తరాన కురామా కొండమీద గుడిలో పెరిగాడు. రాత్రిళ్లు అక్కడి అడవిలో తెంగులనే రెక్కల జీవుల దగ్గర కత్తిసాము నేర్చాడన్నది మాత్రం జనం అల్లుకున్న కథ. ఆ ముసలాయన వాళ్ల రాజు సోజోబో. 1185లో దన్‌నోఉర దగ్గర సముద్రం మీద తైరాలను తుడిచిపెట్టింది ఈ పిల్లాడే, కానీ సవతి అన్నే పగబట్టి తరిమితే 1189లో ప్రాణం తీసుకున్నాడు. మన పల్నాటి బాలచంద్రుడిదీ ఆ శతాబ్దమే. కారెంపూడి నుంచి తిరిగిరాని ఆ కుర్రాణ్ని మనవాళ్లు ఇప్పటికీ పాడుకుంటున్నారు కదా, జపాన్‌వాళ్లూ అంతే, చివర ఏమైందో తెలుసు కాబట్టే అతని చిన్నతనాన్ని అంత ఇష్టంగా బొమ్మ కట్టారని నాకనిపిస్తుంది. 19వ శతాబ్దపు జపాన్ చిత్రకారులు కునియోషి, ఆయన శిష్యుడు యోషితోషి ఇద్దరూ ఉషివకమారును వేశారు.

ఇక అచ్చు సంగతి. జపాన్‌లో ఇలాంటి బొమ్మలను చెక్క అచ్చులతో అద్దేవారు. పెడనలో కలంకారీ అద్దకం చూసుంటే సగం అర్థమైనట్టే, అక్కడిలాగే రంగుకో చెక్క. చిత్రకారుడు గీసిన పల్చటి కాగితాన్ని చెర్రీ చెక్కమీద బోర్లా అంటించి, గీతలు మిగిలేలా ఇంకొకరు చెక్కుతారు, అద్దేది మరొకరు. పెడనలో అచ్చును గుడ్డమీద పైనుంచి కొడతారు, జపాన్‌వాళ్లు చెక్కకి రంగు పూసి, దానిమీద చెమ్మ కాగితం పరిచి వీపువైపు నుంచి గుండ్రటి బిళ్లతో రుద్దుతారు. అందుకే రంగు వెనక్కి దిగుతుంది. భూతద్దంలో చిన్నచిన్న చుక్కలు వరసగా కనిపిస్తే మాత్రం అది మెషీన్ ప్రింటు. ఒక్క మాట, పాత బొమ్మలకు తర్వాతి కాలంలో కొత్తగా చెక్కలు చెక్కి అద్దినవీ ఉంటాయి, వాటికీ రంగు దిగుతుంది కాబట్టి ఒక్క వెనకవైపు చూసి వయసు తేల్చలేం.

ఎండ, చెమ్మ తగలనివ్వకండి, టేపు అసలే వద్దు. వెనకవైపు ఫొటో తీసి పంపండి, రంగు దిగిందో లేదో నాకూ చూడాలనుంది.