పాత ఫియట్ కొంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు ఒకటికి నాలుగుసార్లు చూశాను. 1978 ప్రీమియర్ పద్మిని, బందరులో ఒకరింటి వెనక రేకుల షెడ్డులో ఉంది, టైర్లలో గాలి లేదు, అద్దాలన్నీ ఉన్నాయి. దాన్ని కొని, పెద్ద ఇంజను వేయించి, కిందికి దించి, మెరుపు లేని నల్లరంగు కొట్టిద్దామని రాశావు. కొనొద్దని నేననను. ఆ బండంటే నాకూ ప్రాణమే. కానీ అంత పెద్ద ఉత్తరంలో బ్రేకుల గురించి ఒక్క ముక్క లేదు. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

మొట్టమొదట ఒకటి చెప్తాను, మిగతాదంతా మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోకు. బండిని ఒకేసారి మొత్తం విప్పొద్దు. ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. బాగుచేద్దామని మొదలుపెట్టి వదిలేసిన పాత కార్లు చాలావరకు తుప్పు వల్ల ఆగినవి కావు. కుర్రాళ్లు ఉత్సాహం కొద్దీ చివరి నట్టు దాకా విప్పేస్తారు. ఏది ఎక్కడిదో గుర్తుండదు, ఈలోగా చేతిలో డబ్బు అయిపోతుంది, బండి అట్టపెట్టెల్లో ఉండిపోతుంది. నువ్వు ఒక్క పని పట్టుకో. అది పూర్తి చేసి బండిని మళ్లీ నాలుగు చక్రాల మీద నిలబెట్టాకే రెండో పనికి వెళ్లు.

ఇక బండి సంగతి. ఇది ఇటలీ ఫియట్ 1100. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964 నుంచి 1100డి పేరుతో చేశారు, 1974లో పద్మిని అని పెట్టారు. ఇంజను 1089 సీసీ, బలం నలభై హార్స్‌పవర్ దరిదాపుల్లో. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే. ముందు చక్రాలకి కాయిల్ స్ప్రింగులు, వెనక పట్టీలు. ఈ కారుకి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. అందుకని ఇందులో తుప్పు పట్టడమంటే పైపై అందం పోవడం కాదు, ఎముక పుచ్చిపోవడం.

పైగా అది బందరు బండి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో షెడ్డులో పడున్న బండికీ, కోస్తాలో పడున్న బండికీ పోలికే లేదు. ఒక అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుతూ పో. పట్టు వదిలిన చోటల్లా కింద లప్పం మందంగా ఉందని అర్థం. మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చూడు, వెనక సీటు పీకి దాని కింద చూడు. డిక్కీలో స్టెపినీ ఉండే గుంట, బ్యాటరీ పెట్టే తట్ట, తలుపుల అడుగు అంచులు, తలుపుల కింద ఇటు చివర నుంచి అటు చివరికి పోయే సిల్లు, వీటన్నిటినీ స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడు. మంచి రేకు కంగుమంటుంది, పుచ్చినది మొద్దుగా మోగుతుంది. తర్వాత జాకీ పెట్టి ఒక పక్క ఎత్తి, ఆ పక్క తలుపు తెరిచి మూసి చూడు. ఎత్తకముందు బాగా పడిన తలుపు ఎత్తాక పట్టేసిందంటే బాడీ వంగుతోందన్నమాట. అలా అయితే ధర ఎంత తక్కువైనా మొదటి బండిగా అది నీకు వద్దు.

ఫ్లోరు మాత్రమే పోయి సిల్లులు గట్టిగా ఉంటే ధైర్యంగా తీసుకో, ఫ్లోరు పని చేయించుకోవచ్చు. సిల్లు కోయాల్సి వస్తే మాత్రం, కోసేముందే తలుపు ఖాళీలో అడ్డంగా పైపు వెల్డింగ్ చేయించు. లేకపోతే బాడీ జారి తలుపు మళ్లీ జన్మలో సరిగ్గా పడదు. ఒకేసారి రెండు పక్కలా కోయనివ్వకు. తుప్పు మీద కొత్త రేకు అతికించి లప్పం పూసేసే మేస్త్రీలున్నారు, వాళ్ల దగ్గరికి పోకు. మంచి రేకు కనిపించేదాకా కోసి, అక్కడ కొత్తది అతకాలి. గ్యాసు వెల్డింగ్ వేడికి పల్చటి రేకు వంకర్లు పోతుంది, కరెంటుతో చేసే మిగ్ వెల్డింగ్ ఉన్న షెడ్డు చూసుకో. నిప్పు ముట్టించేముందు బ్యాటరీ తీసెయ్యాలి, పెట్రోలు ట్యాంకు బండి మీద నుంచి దించి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. లోపలుండే ఆవిరికే అంటుకునేది.

కొనేముందు బండి మీద సామాను పూర్తిగా ఉందో లేదో చూడు. ఈ విషయంలో కొత్తవాళ్ల లెక్క తప్పుతుంది, ఇంజను తిరుగుతుందా లేదా అన్నదొక్కటే పట్టుకుంటారు. ఇంజను సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. బొంబాయిలో నలుపు పసుపు ట్యాక్సీలుగా దశాబ్దాల పాటు తిరిగినవి ఈ పద్మినులే, ఆఖరిది 2023 అక్టోబరులో ఆగింది. అన్ని బండ్లు అన్నేళ్లు నడిచాయి గనక పిస్టన్లు, రింగులు, బేరింగులు, కింగ్ పిన్నులు వెతికితే బొంబాయిలో, మద్రాసు పుదుపేటలో, మన ఆటోనగర్‌లో ఎక్కడో ఒకచోట బయటపడతాయి. దొరక్కపోతే లేత్ మీద చేసిపెట్టే పనివాళ్లున్నారు. నిన్ను నిజంగా ఏడిపించేవి పైసామాన్లు. గ్రిల్లు, బంపర్లు, లైట్ల చుట్టూ ఉండే రింగులు, పేరు పలకలు, మీటర్లు, వెనకద్దం. వాటిలో రెండు లేవంటే వాటి కోసమే ఏళ్లు తిరగాలి. ఇంజను పట్టేసినా పైసామాను పూర్తిగా ఉన్న బండి మేలని నా లెక్క.

బండిని తాడు కట్టి లాక్కురావద్దు, దానికి బ్రేకులు లేవు. లారీ మీద ఎక్కించి తీసుకురా.

వచ్చాక బ్రేకులతోనే మొదలుపెట్టు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. పాత మోడళ్లలో బ్రేకు ఆయిలంతా ఒకే దారిలో పోతుంది, ఒక్క చక్రం దగ్గర కారినా పెడలు నేలకి ఆనుతుంది, నాలుగూ పనిచెయ్యవు. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో ఆయిలు తేమ పీల్చుకుని ఉంటుంది, లోపల సిలిండర్లు తుప్పు పట్టి ఉంటాయి. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, ఇనప పైపులు అన్నీ కొత్తవి వేయించు. సిలిండర్ల లోపలి రబ్బరు కిట్టు మార్చి సరిపెడదామంటారు. సిలిండరు లోపల గుంటలు పడి ఉంటే కొత్త రబ్బరు నాలుగు నెలల్లో కోసుకుపోతుంది. ఈ ఒక్కచోట మాత్రం డబ్బు చూసుకోకు అల్లుడూ.

తర్వాత ఇంజను. ఆత్రంగా కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకు. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో కాస్త ఇంజనాయిలు పోసి, రెండు మూడు రోజులు వదిలెయ్. తర్వాత ముందున్న పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో తిప్పు. బిగువుగానైనా తిరిగితే సంతోషించు. తిరక్కపోతే బలం పెట్టకు, ఇంకాస్త ఆయిలు పోసి మళ్లీ ఆగు. డిప్‌స్టిక్కు తీసి చూడు, ఆయిలు పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. ఈ ఇంజను హెడ్డు అల్యూమినియంది, ఒకసారి బాగా వేడెక్కితే వంగుతుంది. హెడ్డు దించినప్పుడల్లా చదునుగా ఉందో లేదో స్కేలు పెట్టి చూపించుకో. స్టార్టయ్యాక నాలుగు సిలిండర్ల కంప్రెషనూ కొలిపించు. నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఇంజను విప్పాల్సిన పని లేదు. నల్లపొగ చూసి బోరు చేయించెయ్యమంటారు, ఒప్పుకోకు. నల్లపొగ కార్బొరేటర్ పని, నీలంపొగ రింగుల పని.

పెట్రోలు విషయం వేరుగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండి చేసిన రోజుల్లో ఆ ఊసే లేదు. ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బిస్తుంది, గాలిలో తేమని లాగుతుంది, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలించి కార్బొరేటర్ జెట్లలోకి, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల్లోకి, తెస్తుంది. ట్యాంకు దించి లోపల కడిగించు. హోసులు, పెట్రోలు పంపు డయాఫ్రం ఇథనాల్‌కి తట్టుకునే రకంవి వేయించు, పంపుకి ముందు ఒక ఫిల్టరు పెట్టించు. నెల మించి బండి తియ్యకపోతే కార్బొరేటర్లో పెట్రోలు ఉంచకు.

వైరింగ్ చూస్తేనే నాకు భయం. ఎండిపోయిన వైర్ల తొడుగులు పట్టుకుంటే రాలిపోతాయి. అతుకుల మీద అతుకులు వేయకుండా మొత్తం కొత్తది లాగించు, హెడ్‌లైట్లకి రిలేలు పెట్టించు, బ్యాటరీ దగ్గర ఒక మెయిన్ స్విచ్చి పెట్టించు. బండిలో మంటలార్పే చిన్న సిలిండరు ఒకటి ఎప్పుడూ ఉండాలి.

ఇప్పుడు నువ్వు ఎదురుచూస్తున్న మార్పుల విషయానికి వస్తున్నాను. నీ బండి 1978ది. ఆర్సీలో మొదటి రిజిస్ట్రేషన్ కూడా అదే ఏడాది అయితే 2028లో దానికి యాభై ఏళ్లు నిండుతాయి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు లేని బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేసుకోవచ్చు. నంబరులో వీఏ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. దాంతో రోజూ ఆఫీసుకి తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తీయొచ్చు. నువ్వు ఇప్పుడు పెద్ద ఇంజను దింపి బాడీ కోయిస్తే ఆ దారి మూసుకుపోతుంది. మామూలు రిజిస్ట్రేషన్‌తోనే తిరుగుతానన్నా చిక్కు తప్పదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చే మార్పులు కుదరవు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంజను మార్చాలన్నా, రంగు మార్చాలన్నా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి ఆర్సీలో ఎక్కించుకోవాలి.

మార్పులు అసలు వద్దని కాదు. వెనక్కి తిప్పగలిగినవి చెయ్యి. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టించు, రాత్రిపూట లైట్లు వెలవెలబోకుండా ఉంటాయి. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవచ్చు. సీటు బెల్టులు తప్పకుండా పెట్టించు, బోల్టు పడేచోట లోపల మందపాటి ప్లేటు వేయించి. లోపల రెక్సిన్ నీకిష్టమైన రంగు వేసుకో. తీసిన ప్రతి అసలు సామానూ ఆయిలు పూసి, చీటీ కట్టి, పెట్టెలో దాచు. ఏసీ మాత్రం ఈ నలభై గుర్రాల ఇంజను మీద పెట్టకు, ఎండాకాలం బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో రేడియేటర్ ఉడుకుతుంది. కిందికి దించడమూ వద్దు. స్ప్రింగు చుట్లు కోస్తే మన స్పీడు బ్రేకర్లకి అడుగు తగులుతుంది, టైరు లోపలికి రాసుకుంటుంది.

రంగు ఆఖర్న. బండి నడిచి, అరిచే చప్పుళ్లన్నీ తెలిసి, సరిచేసి, కనీసం ఒక వానాకాలం గడిచాక. వానల్లో నీళ్లు ఎక్కడినుంచి కారుతున్నాయో తెలుస్తుంది, అక్కడి రబ్బరు బీడింగులు మార్చాక రంగుకి వెళ్లు. వానాకాలంలో మాత్రం రంగు కొట్టించకు, గాలిలో తేమకి రంగు పాలిపోతుంది. మెరుపు లేని నలుపు సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. నాకైతే ఆ బండికి ఫ్యాక్టరీ రంగే అందం.

డబ్బు విషయం. నువ్వు వేసుకున్న అంచనాకి ఇంకో సగం కలుపుకో. మేస్త్రీకి మొత్తం అడ్వాన్సు ఇవ్వకు, పని ముక్కలు చేసి, అయిన ముక్కకే ఇవ్వు. శనివారాలు వెళ్లి షెడ్డులో కూర్చో, పానాలు అందించు. కార్బొరేటర్ చెవితో ట్యూన్ చేసే మేస్త్రీలకి ఇప్పుడు డెబ్భై దాటుతున్నాయి, వాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. విప్పేముందు ప్రతి భాగాన్నీ ఫోనుతో ఫొటో తియ్యి. బోల్టులు విడివిడిగా కవర్లలో వేసి పేరు రాసిపెట్టు.

అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదుగా? ఇవ్వకు. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. ఓనరు పోయారన్నావు గనక వారసులందరి సంతకాలు కావాలి. బండిని హైదరాబాదులోనే ఉంచుకుంటే ఏడాదిలోగా తెలంగాణ నంబరుకి మార్పించుకోవాలి, అందుకు ఇక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తీసుకోవాలి. వచ్చే ఆదివారం పొద్దున్నే నేను బందరు బస్సెక్కుతాను. టార్చిలైటు, అయస్కాంతం, జాకీ నేను తెస్తాను. నువ్వు పాత బట్టలు వేసుకుని రా, బండి కిందికి దూరాల్సింది నువ్వే. ఆర్సీ నకలు తీసి ఉంచమని వాళ్లకి ముందే ఫోను చెయ్యి. అక్కయ్యని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య,
విజయవాడ