కుక్కకు నీటి చికిత్స: ఇరవై సెషన్ల ప్యాకేజీకి ఇప్పుడే డబ్బు కట్టాలా?

ప్రశ్న: మా ఆరేళ్ల లాబ్రడార్‌కు వెనుక కాలి మోకాలిలో లిగమెంటు తెగడంతో మూడు వారాల క్రితం ఆపరేషన్ చేయించాం. నాలుగు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా ఉన్న మా అత్యవసర నిధి ఆ దెబ్బతో రెండున్నర నెలలకు తగ్గిపోయింది. ఇప్పుడు పశువైద్యుడు నీటిలో ట్రెడ్‌మిల్‌పై నడిపించే చికిత్స చేయించమన్నారు. ఇరవై సెషన్లకు ముందుగానే డబ్బు కడితే 15 శాతం తగ్గిస్తామని, క్రెడిట్ కార్డు మీద పన్నెండు నెలల వాయిదాలు కూడా పెట్టుకోవచ్చని కేంద్రం వారు చెబుతున్నారు. ఇంటి ఖర్చులు, అప్పుల వాయిదాలు, పదవీ విరమణ పొదుపు పోగా నెలకు మాకు మిగిలేది నెల ఖర్చులో నాలుగో వంతు. ఒక్కో సెషన్ ఖరీదు ఆ మిగులులో పదో వంతు. కార్డు మీద కట్టేయమంటారా, పదవీ విరమణ పొదుపులోంచి కొంత తీయమంటారా, లేక దగ్గర్లోని చెరువులో ఈత కొట్టిస్తే సరిపోతుందా? కుక్క బరువు 38 కిలోలు. తగ్గాలని డాక్టరు గట్టిగా చెప్పారు. దానికి బీమా లేదు.

జవాబు: చికిత్స చేయించండి. ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. కార్డు జోలికీ, పదవీ విరమణ పొదుపు జోలికీ వెళ్లవలసిన అవసరం మీకు లేదు. మీరు రాసిన లెక్కలను బట్టి చూస్తే, సెషన్‌కు సెషన్ చొప్పున కట్టుకుంటూ పోతే ఈ ఖర్చంతా మీ నెలవారీ మిగులులోనే ఇమిడిపోతుంది. ఇరవై సెషన్లను ఒకే బిల్లుగా మీ ముందు పెట్టడం వల్లనే అది అప్పు చేయక తప్పని మొత్తంలా కనిపిస్తోంది.

అయితే లెక్కల కంటే ముందు, ఆ డబ్బుకు మీకు దక్కేదేమిటో తెలుసుకోవాలి. ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో అప్పుడే తేలుతుంది. నీరు శరీరాన్ని పైకి తేలుస్తుంది కాబట్టి కాళ్ల మీద పడే భారం తగ్గుతుంది, ఎంత తగ్గాలన్నది నీటి మట్టాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు. కుక్కలపై చేసిన కొలతల ప్రకారం వెనుక కాలి మడమ కీలు వరకు నీరుంటే కాళ్లపై శరీర బరువులో దాదాపు 91 శాతం, మోకాలి వరకు ఉంటే 85 శాతం, తుంటి వరకు ఉంటే 38 శాతం మాత్రమే పడుతుంది. అంటే తుంటి లోతు నీటిలో మీ 38 కిలోల కుక్క కాళ్లు మోసేది సుమారు పద్నాలుగున్నర కిలోలే. అదే సమయంలో నీరు ప్రతి అడుగుకూ అడ్డు తగులుతుంది కాబట్టి కండరానికి పని పడుతుంది. గోరువెచ్చదనం వల్ల బిగుసుకున్న కీలు సులువుగా కదులుతుంది. ఆపరేషన్ తర్వాత కాలు నేలకు ఆనించడానికి భయపడి మూడు కాళ్ల మీద కుంటే కుక్కకు, నాలుగో కాలిని నొప్పి లేకుండా మళ్లీ వాడే అవకాశం ఇలా దొరుకుతుంది. వేగం, లోతు, సమయం మూడూ చికిత్సకుడి చేతిలో ఉండటమే ఈ పద్ధతిలోని అసలు విలువ. మొదటి సెషన్లలో కుక్క నిజంగా నడిచేది కొద్ది నిమిషాలే, అదీ మధ్యమధ్య ఆపుతూ. అంత తక్కువ నడకకు ఇంత డబ్బా అని అనిపించడం సహజం. కానీ నీటిని వేడిగా, శుభ్రంగా ఉంచడానికీ, శిక్షణ పొందిన మనిషి పక్కనే ఉండి ప్రతి అడుగునూ గమనించడానికీ అయ్యే ఖర్చు ఆ రుసుములో ఉంటుంది. మంచి చోట సెషన్ అంటే నీటిలోని నడక ఒక్కటే కాదు, నీటిలో దించే ముందు చేసే పరీక్ష, నేల మీద చేయించే వ్యాయామాలు, ఇంటి దగ్గర ఏం చేయాలో నేర్పడం కూడా అందులో భాగమే.

చెరువు ఆలోచనను ఇప్పటికి పక్కన పెట్టండి. ఈతకు, నీటిలో నడకకు తేడా ఉంది. ఈతలో కుక్క ఎక్కువగా ముందు కాళ్లతో లాక్కుపోతుంది, వెనుక కాళ్లను జోరుగా ముడుస్తూ తన్నుతుంది. తుంటి మాత్రం నడకలో చాచినంతగా చాచదు. పైగా లోతునూ వేగాన్నీ అదుపు చేసే వీలుండదు. గట్టు దిగేటప్పుడు కాలు జారితే, బురదలో ఒక్కసారిగా మెలి తిరిగితే, ఇంకా అతుక్కోని ఎముక మీద ఆ ఒత్తిడంతా పడుతుంది. ఎముకను కోసి, తిప్పి, లోహపు పలకతో బిగించే టీపీఎల్ఓ తరహా ఆపరేషన్ అయితే, ఎముక అతికిందో లేదో చూడటానికి సాధారణంగా ఎనిమిది వారాల దగ్గర ఎక్స్-రే తీస్తారు. అంతవరకు గెంతడం, పరుగెత్తడం, అదుపు లేని ఈత అన్నీ నిషిద్ధమే. ఇక నిలువ నీటిలో గాయానికి, చెవులకు ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఎలాగూ ఉంది. ఉచితమని దించిన నీరు రెండో ఆపరేషన్‌కు దారి తీస్తే దాని ఖరీదు ఇరవై సెషన్లకు మూడు రెట్లు. ఇది మీ అంకెల ప్రకారం చెబుతున్న మాటే: మొదటి ఆపరేషన్‌కు మీ నిధిలోంచి ఒకటిన్నర నెలల ఖర్చు పోయింది, అంటే ఆరు నెలల మిగులు. ఇరవై సెషన్లకు పూర్తి ధర కట్టినా అయ్యేది రెండు నెలల మిగులే.

ఇప్పుడు ప్యాకేజీ. మీ నెల మిగులును వంద అనుకుంటే ఒక్క సెషన్ పది, ఇరవై సెషన్లు రెండు వందలు, 15 శాతం తగ్గింపు పోగా నూట డెబ్బై. అంటే పదిహేడో సెషన్ దాటాకే ప్యాకేజీ వల్ల మీకు నిజమైన లాభం మొదలవుతుంది. ఈ రకం ఆపరేషన్ తర్వాత మొదట వారానికి రెండు, ఆపై వారానికి ఒకటి చొప్పున రెండు నెలల పాటు నడిపించడం మామూలుగా కనిపించే క్రమం. మొదటి నెల ఎనిమిది, రెండో నెల నాలుగు కలిపితే పన్నెండు. పన్నెండుతో ఆపితే విడివిడిగా కట్టినందుకు నూట ఇరవై అవుతుంది, ప్యాకేజీకి నూట డెబ్బై అయ్యేది. మీ కుక్కకు పదిహేడుకు పైగా అవసరమవుతాయని ఈ రోజు ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అది ఎలా కోలుకుంటుందో చూసి నిర్ణయించవలసిన సంఖ్య అది. చర్మానికి ఇన్‌ఫెక్షన్ వచ్చినా, చెవి వాచినా, విరేచనాలు పట్టుకున్నా నీటిలో దించరు. గుండె జబ్బో, ఊపిరితిత్తుల సమస్యో బయటపడితే చికిత్సే ఆగిపోవచ్చు. కొన్ని కుక్కలకు నీరంటే భయం ఎంతకీ పోదు. ఇన్ని కారణాల వల్ల ఆగిపోగల సేవకు ముందే మొత్తం కట్టడమంటే ఆ నష్టభయాన్నంతా మీ నెత్తిన వేసుకోవడమే, దానికి 15 శాతం తగ్గింపు చాలదని నా అభిప్రాయం. నాలుగో ఆరో సెషన్ల చిన్న ప్యాకేజీ ఉండి, వాడని వాటికి డబ్బు వెనక్కి ఇస్తామని రాసి ఇచ్చి, గడువు కూడా తగినంత పెడితే అది వేరే సంగతి. అడిగి చూడండి, చాలా చోట్ల అడిగితే ఒప్పుకుంటారు.

కార్డు వాయిదాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రెండు నెలల్లో ముగిసే చికిత్సకు పన్నెండు నెలలు వాయిదాలు కట్టడం మొదటి లోపం. ఏదో ఒక నెల కార్డు బాకీ పూర్తిగా కట్టలేకపోతే నెలకు 3 శాతం వడ్డీ కూడా చక్రవడ్డీ లెక్కన ఏడాదికి దాదాపు 42.6 శాతం అవుతుంది, దాని ముందు 15 శాతం తగ్గింపు ఏపాటిది? పదవీ విరమణ పొదుపు విషయంలో నేను ఇంకా కచ్చితంగా ఉంటాను. ఆ డబ్బు వెనక్కి తీస్తే పోయేది ఆ మొత్తం మాత్రమే కాదు, మిగిలిన ఏళ్లన్నిటిలో దాని మీద పెరగవలసిన రాబడి కూడా. పైగా గడువుకు ముందు తీసినందుకు జరిమానా, పన్ను తోడయ్యే అవకాశం ఉంది. నెల మిగులుతో తీరిపోయే ఖర్చు కోసం దాన్ని కదిలించకండి.

మరి నెల నెలా ఎలా? మొదటి నెల ఎనిమిది సెషన్లకు మిగులులో ఎనభై పోతుంది; ప్రయాణం, మందులు, డాక్టరు ఫీజు మిగతా ఇరవైలో సర్దుకోవాలి, కాస్త ఇరుకే. రెండో నెల సెషన్లకు నలభై, ఎక్స్-రే ఖర్చు అదనం. ఆ నెల ఊపిరి పీల్చుకోవచ్చు. ఈ రెండు నెలలు అత్యవసర నిధిని తిరిగి నింపే పని ఆగినా ఫరవాలేదు, ఉన్నదాన్ని మాత్రం తీయకండి. పని వేళల్లో సెషన్లు పడితే సెలవులు పెట్టవలసి వస్తుందేమో చూసుకోండి. జీతం తెగే సెలవైతే అది కూడా ఈ చికిత్స ఖర్చే.

కట్టిన డబ్బుకు ఫలితం వస్తోందో లేదో కొలవకుండా ముందుకు పోవద్దు. మొదటి రోజే చికిత్సకుడిని రెండు తొడల చుట్టుకొలత టేపుతో కొలిచి రాసిపెట్టమని, మోకాలు ఎంత ముడుచుకుంటోందో, ఎంత చాచుకుంటోందో కోణమానినితో కొలిచి పెట్టమని అడగండి. తొడ కొలత చేయి మారితే, చోటు మారితే తేడా వస్తుంది కాబట్టి ప్రతిసారీ అదే మనిషి, అదే చోట తీయాలి. ఇంట్లో మీరు నేరుగా ఎదుటి నుంచీ పక్క నుంచీ కుక్క నడకను వారానికోసారి ఫోన్‌లో వీడియో తీయండి. నిలబడి ఉన్నప్పుడు ఆ కాలి మీద బరువు వేస్తోందా, కూర్చునేటప్పుడు కాలు పక్కకు చాపేస్తోందా అన్నది గమనించండి. ఎనిమిదో సెషన్ తర్వాత ఈ కొలతలను ఆపరేషన్ చేసిన డాక్టరు ముందు పెట్టి, కొనసాగించాలా, తగ్గించాలా, ఆపాలా అని తేల్చుకోండి. ఏ మార్పూ లేకపోతే మరిన్ని సెషన్లు కొనడం కంటే ఎందుకు లేదో కనుక్కునే పరీక్షకు డబ్బు పెట్టడం మంచిది. పలక వదులు కావడం, ఇన్‌ఫెక్షన్, మోకాలి లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరగడం వంటివి నీటి నడకతో నయం కావు.

ఇక అన్నిటికంటే చవకైన చికిత్స గురించి. కీళ్ల నొప్పులున్న లావైన కుక్కలపై జరిగిన ఒక పరిశీలనలో శరీర బరువులో 6 శాతం పైచిలుకు తగ్గగానే కుంటడం చెప్పుకోదగినంత తగ్గింది. మీ కుక్క విషయంలో అది రెండు కిలోల మూడు వందల గ్రాములు మాత్రమే. 2002లో ప్రచురితమైన మరో దీర్ఘకాల అధ్యయనంలో 48 లాబ్రడార్లను జతలుగా పెంచి, జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యగత ఆయుష్షు (అంటే సగం కుక్కలు చనిపోయేనాటి వయసు) 13 ఏళ్లు, రెండో వాటిది 11.2 ఏళ్లు, పైగా కీళ్ల అరుగుదల కూడా ఆలస్యంగా మొదలైంది. తిండిని డాక్టరు చెప్పిన మేర కొలిచి పెట్టడానికి పైసా ఖర్చు లేదు, నిజానికి ఖర్చు తగ్గుతుంది. ఇంట్లో అందరూ తలా ఒక ముక్క పెట్టే అలవాటు ఉంటే ముందు దాన్ని ఆపండి. ఆ కళ్లు చూస్తే మనసొప్పదని నాకు తెలుసు, అయినా ఆ మోకాలి కోసం ఒప్పించుకోవాలి. నున్నని నేల మీద జారకుండా చాపలు పరచడం, పట్టీ పట్టుకుని నెమ్మదిగా నడిపించడం, కూర్చోబెట్టి లేపే వ్యాయామం వంటివి చికిత్సకుడు నేర్పితే రోజూ చేయించండి. సెషన్లు వారానికి ఒకటికి తగ్గినప్పుడు మిగతా ఆరు రోజుల పని ఇదే.

మీరు అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి, ఎందుకంటే మీ ఆర్థిక స్థితికి అసలైన ముప్పు అక్కడే ఉంది. కుక్కల్లో ఈ లిగమెంటు ఎక్కువసార్లు ఒక్క దెబ్బతో కాకుండా కాలక్రమంలో పీలికలై తెగుతుంది, అందుకే ఒక మోకాలు పోయిన కుక్కల్లో చాలావాటికి, వేర్వేరు పరిశీలనల ప్రకారం మూడో వంతు నుంచి సగానికి పైగా, రెండో మోకాలు కూడా తర్వాత దెబ్బతింటుంది. తరచుగా ఒకటి రెండేళ్లలోనే. అలా జరిగితే మళ్లీ ఆరు నెలల మిగులు ఆపరేషన్‌కు, ఒకటిన్నర నెలల మిగులు చికిత్సకూ ఇతర ఖర్చులకూ కావాలి. కాబట్టి ఈ రెండు నెలలు గడిచాక మిగులు మొత్తాన్నీ ముందు అత్యవసర నిధికే మళ్లించండి. ఆరు నెలల్లో అది మళ్లీ నాలుగు నెలల ఖర్చుల స్థాయికి వస్తుంది. కుక్క కోసం వేరే ఖాతా తెరిచి రెండింటిలో సగం సగం వేయమని కొందరు చెబుతారు, నేను చెప్పను. మనుషుల ఆపదకైనా కుక్క ఆపదకైనా పనికొచ్చే డబ్బు ముందు నిండాలి. అది నిండిన తర్వాత వేరే ఖాతాలో కుక్క నిధి మొదలుపెట్టి ఏడున్నర నెలల మిగులు జమయ్యే దాకా కొనసాగించండి. రెండో మోకాలు క్షేమంగా ఉంటే ఆ నిధి ముసలితనంలో కీళ్ల నొప్పులకు నెలకు ఒకటి రెండు సెషన్లు చేయించడానికి పనికొస్తుంది. అలాంటి సెషన్లకు ముగింపు తేదీ ఉండదు కాబట్టి వాటిని అప్పటి నెల బడ్జెట్‌లో ఒక పద్దుగానే రాసుకోవాలి.

బీమా ఇప్పుడు తీసుకుంటే పనికొస్తుందా అని తప్పక ఆలోచిస్తారు. పాలసీకి ముందే ఉన్న జబ్బుకు పెంపుడు జంతువుల పాలసీలు సాధారణంగా డబ్బు ఇవ్వవు; అంతేకాక ఒక మోకాలికి లిగమెంటు తెగి ఉంటే రెండో మోకాలిని కూడా అదే జబ్బుగా లెక్కకట్టి మినహాయించే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. నీటి చికిత్సకు చెల్లించే పాలసీలలోనూ పశువైద్యుడి సిఫారసు పత్రం ఉండాలనో, ఏడాదికి ఇన్ని సెషన్లే అనో పరిమితులు ఉండవచ్చు. అందుచేత రెండో మోకాలికి వర్తిస్తుందా, నీటి చికిత్సకు ఎంతవరకు ఇస్తారు, నిరీక్షణ కాలం (పాలసీ తీసుకున్నాక డబ్బు ఇవ్వని తొలి గడువు) ఎంత అనే మూడు ప్రశ్నలను కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. మొదటి ప్రశ్నకు కాదని జవాబు వస్తే, ఆ ప్రీమియం మోకాలి కోసం కాకుండా మిగతా జబ్బుల కోసమే కడుతున్నారని గుర్తుపెట్టుకుని, ఆ మేరకు అది తగిన ధరేనా అని విడిగా తూచుకోండి. తేలే వరకు ఆ మొత్తాన్ని ప్రతి నెలా అత్యవసర నిధిలోనే వేస్తూ ఉండండి.