కుప్ప ఎత్తించే ముందు

చి. మేనకోడలికి, ఆశీస్సులు.

శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేరీ చేరగానే చెరువుకట్ట పక్కన చెత్త కుప్పల మీద ఫిర్యాదులు వచ్చిపడ్డాయన్నావు. జేసీబీ పిలిపించి, ఎత్తించి, ఫొటో పెట్టి ఫిర్యాదు మూసేయమని పైనుంచి తొందరపెడతారు. ఒక్క పూట ఆగమ్మా. ఎవరు పోశారో చెప్పే ఆధారం కూడా చెత్తతోపాటే ట్రాక్టరెక్కి పోతుంది.

ముందు గ్లోవ్స్ వేయించి, కర్రతో కెలికించి చూడు. సిమెంటు పెళ్లలు, పాత టైల్స్ కనిపిస్తే దగ్గరలో ఏదో ఇల్లు కూలగొడుతున్నారన్నమాట. టౌన్‌ప్లానింగ్‌లో అనుమతుల జాబితా తీసుకుని, ఆ టైలు ముక్క పట్టుకుని తిరుగు. సంచుల చెత్తలో కొరియర్ చీటీలు, కరెంటు బిల్లులు దొరుకుతాయి. ఒక్క చీటీ చూసి ఆ ఇంటికి జరిమానా రాయకు. వాళ్లు నెలనెలా డబ్బిచ్చి పెట్టుకున్న రిక్షా అతను తెచ్చి పోసి ఉండొచ్చు. ఒకే అపార్ట్‌మెంటువి నాలుగైదు దొరికితే, చెత్త ఎవరికి ఇస్తున్నారో అసోసియేషన్ చేత రాయించుకో. రోజుకు 100 కిలోలు దాటితే వాళ్లు బల్క్ జనరేటర్, అంటే భారీగా చెత్త పుట్టించేవాళ్ల లెక్కలోకి వస్తారు. సిరంజీలు, పసుపు సంచులు ఉంటే ఎవరినీ ముట్టుకోనివ్వకు. సంచి మీద బార్‌కోడ్ ఉంటే ఏ ఆస్పత్రిదో తేలుతుంది. కాలుష్య నియంత్రణ మండలికి ఆరోజే రాయి.

పంచనామా అక్కడికక్కడే, ఇద్దరు స్థానిక సాక్షులతో. తేదీ, సమయం, సర్వే నంబరు, టేపుతో కొలిచిన పొడవు, వెడల్పు, ఎత్తు. ఆ మూడూ గుణించి అంత చెత్త ఉందని రాసేస్తారు చాలామంది. కుప్ప కోసుగా ఉంటుంది కాబట్టి మూడో వంతుకు మించదు, అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు. ఎత్తించేటప్పుడు కాటా చీటీ తీసుకుంటే ఖర్చు వసూలుకు అదే గట్టి ఆధారం. ఫొటోలు వాట్సాప్‌లో పంపినవి కాదు, ఫోన్‌లో ఉన్న అసలువి దాచు. కోర్టుకెళ్తే ఫోన్‌లాంటి ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 2023 సెక్షన్ 63 ధ్రువపత్రం కావాలి.

ఇక రాత్రి శిథిలాలు తెచ్చి పోసే టిప్పర్ల సంగతి. కెమెరా కుప్ప మీద పెడితే వాళ్లు నాలుగడుగులు అవతల పోస్తారు. వచ్చే దారి మలుపులో పెట్టించు. హెడ్‌లైట్ల వెలుగుకు ముందు నంబరు కనబడదు, వెళ్లే బండి వెనక నంబరు పడేలా తిప్పించు. దొరికిన డ్రైవరు కూలీవాడు. నోటీసు బండి యజమానికీ, ఇల్లు కూలగొట్టించినవాడికీ ఇద్దరికీ పోవాలి. బండి ఆపే అధికారం నీ చట్టంలో ఎంతవరకుందో ముందే చదువుకుని, పోలీసులను వెంటబెట్టుకుని వెళ్లు.

సర్వే నంబరు ఎందుకన్నానంటే, పోసేవాళ్లు మునిసిపాలిటీకీ పంచాయతీకీ మధ్య హద్దే వెతుక్కుంటారు. నీ పరిధి కాని చోట నోటీసిస్తే మొదటి వాయిదాకే కొట్టేస్తారు. స్థలం యజమానే గుంత పూడుతుందని పోయించుకుంటుంటే, ఆ కుప్ప తీయించమని ఉత్తర్వు ఇవ్వడానికి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 152 కింద ఆర్డీవోకు రాయి. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 292 కింద పబ్లిక్ న్యూసెన్స్ కేసూ పెట్టొచ్చు గానీ, దానికి జరిమానా 1000 రూపాయలు దాటదు. టిప్పరు వాడికి అదొక లెక్కా! అందుకే ఎత్తిన ఖర్చంతా రాబట్టడం మీదే పట్టు పట్టు.

వదిలేయమని వార్డు పెద్దమనిషి ఫోన్ ఎలాగూ వస్తుంది. అప్పటికే నోటీసుకు డిస్పాచ్ నంబరు పడి ఉండాలి. జరిమానా చేతికి నగదుగా తీసుకోకు.

ఎక్కడ పోయాలో చూపించకుండా నోటీసులిస్తే కుప్ప వీధి మారుతుందంతే. హైదరాబాద్‌లో అయితే శిథిలాలను రీసైకిల్ చేసే జీడిమెట్ల, ఫతుల్లగూడ ప్లాంట్లున్నాయి. మీ ఊళ్లో శిథిలాలకు ఒక స్థలం కౌన్సిల్ తీర్మానంతో పెట్టించు. ఇళ్ల చెత్త పడే చోటైతే చెత్త ఆటో వచ్చే వేళ చూడు. ఏడింటికి పనికి పోయేవాళ్ల వీధికి ఆటో తొమ్మిదికి వస్తే ముగ్గులు వేసినా, మొక్కలు నాటినా సంచీ అక్కడే పడుతుంది. ఎత్తించాక రెండు వారాలు పొద్దున అయిదు నుంచి ఏడు దాకా, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఒక మనిషిని నిలబెట్టు.

ఇట్లు,
మామయ్య