మోడల్ కార్ల సందేహాలు

ప్రశ్న: మూడేళ్లుగా అద్దాల బీరువాలో ఉన్న 1:18 (అసలు కారులో పద్దెనిమిదో వంతు) జాగ్వార్ ఈ-టైప్‌ను తీయబోతే, టైర్లు కింది ప్లాస్టిక్ పీటకి అంటుకుపోయాయి. పీట కరిగినట్టు గుంటలు పడ్డాయి. నేను ఏ రసాయనమూ వాడలేదు. ఎందుకిలా?

జవాబు: రసాయనం టైర్లోనే ఉంది. మోడల్ టైర్లు చాలావరకు అసలు రబ్బరు కావు, పీవీసీ. సహజంగా బిరుసైన పీవీసీని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది పైకి ఊరుతుంది, తగిలిన పాలిస్టైరీన్‌నీ అక్రిలిక్‌నీ మెత్తబరుస్తుంది. దానికి లోహపు బాడీ బరువూ, బీరువాలో దీపాల వేడీ తోడైతే చెప్పక్కర్లేదు.

కారు పట్టుకుని పైకి గుంజకండి. ఈ-టైప్ తీగ చక్రాల చువ్వలు ముందు వంగుతాయి, ఆ తర్వాతే టైరు ఊడుతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని టైరుకీ పీటకీ మధ్య పోనిచ్చి, రంపంలా మెల్లగా ఆడించండి. ఊడిన టైరు జిడ్డును ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లతో, దూదిపుల్లతో తుడిచి ఆరబెట్టండి. థిన్నర్ జోలికి పోవద్దు. పీట అక్రిలిక్‌ది అయితే 1000, తర్వాత 2000 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే సన్న గరుకు కాగితం) రుద్ది ప్లాస్టిక్ పాలిష్ పట్టిస్తే గుంట చాలావరకు పోతుంది.

మళ్లీ జరగకూడదంటే ఛాసిస్ కింద రెండు చిన్న చెక్క దిమ్మలు పెట్టి, టైర్లు పీటకి ఒక మిల్లీమీటరు ఎత్తున ఉండేలా చూడండి. టైర్లు చదునెక్కే బాధా తప్పుతుంది. దిమ్మలు కనబడటం ఇష్టం లేకపోతే ఒక్కో టైరు కింద చిన్న అల్యూమినియం రేకు ముక్క.

ప్రశ్న: రంగు పాడవుతుందని మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌ను ఐదేళ్లు పెట్టెలోంచి తీయనే లేదు. ఇప్పుడు బానెట్ నిండా సన్నటి పొక్కులు. ఇది లోహాన్ని లోపలినుంచి తినేసే జింక్ పెస్టేనా?

జవాబు: కాకపోవచ్చు. పెట్టెలో దాచడమే ఇక్కడ కారణమై ఉండొచ్చు. రంగుకి ఆనుకున్న పలచటి పాలిథీన్ కవరు, దాని వెనక ఫోమ్, రెండూ కలిసి తేమను అక్కడే బంధిస్తాయి. పొక్కులు సరిగ్గా కవరు తగిలిన చోటే ఉన్నాయేమో చూడండి. అలాగైతే రంగు జబ్బే. గీకి మళ్లీ రంగు వేయడం తప్ప మందు లేదు, కానీ ముదరకుండా ఆపొచ్చు: కవరు తీసేసి ఆమ్లం లేని టిష్యూ కాగితం చుట్టండి, లేదా పెట్టెను విడిగా దాచి కారును గాజు కేసులో పెట్టండి. తేమ 40–50 శాతం మధ్య ఉంటే చాలు. సిలికా జెల్ పొట్లాలు రంగు మారగానే మార్చాలి. మర్చిపోయిన పొట్లం ఉన్నా లేనట్టే.

జింక్ పెస్ట్ వేరు. ఈ బాడీలు పోతపోసే జమాక్ అనే మిశ్రమలోహంలో జింక్‌తో పాటు సుమారు 4 శాతం అల్యూమినియం ఉంటుంది. పోతలో సీసం కొద్దిగా కలిసినా, తేమ లోహపు రేణువుల సరిహద్దుల వెంట లోపలికి తినుకుంటూ పోతుంది. లోహం ఉబ్బుతుంది, తలుపులు పట్టవు, ఛాసిస్ మీద జుట్టంత పగుళ్లు వస్తాయి. 1930ల నాటి డింకీ బ్రాండు బొమ్మ కార్లలో ఇది బాగా కనిపిస్తుంది. వైద్యం లేదు. పేరులో పెస్ట్ ఉన్నా పక్క కారుకి మాత్రం అంటదు. పాత మోడల్ కొనేటప్పుడు ముందు తిరగేసి, టార్చి ఏటవాలుగా వేసి అడుగు భాగం చూడండి. రంగు మోసం చేస్తుంది, ఛాసిస్ చేయదు.

ప్రశ్న: కొత్తగా మొదలుపెడుతున్నాను. 1:18 మేలా, 1:43 మేలా?

జవాబు: చోటు కొలుచుకోండి. అసలు ఈ-టైప్ పొడవు సుమారు 4.45 మీటర్లు. అంటే 1:18లో 25 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, 1:43లో పదిన్నర లోపు. తలుపులు తెరిచి ఇంజన్ చూడాలంటే 1:18 లోహపు మోడలే. రెసిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్) బాడీలు ఎక్కువగా ఏమీ తెరుచుకోవు, కానీ అంచులు పదునుగా ఉంటాయి. ఎండ తగిలితే వంకరపోతాయి. ఏ సైజైనా వివరాలు ఆ సంవత్సరానికి సరిపోవాలి. 1961లో వచ్చిన తొలి 500 దాకా ఈ-టైప్‌లకు బానెట్ గొళ్లేలు బయటివైపు ఉండేవి, 1967 దాకా హెడ్‌లైట్ల మీద గాజు మూత ఉండేది. డబ్బా మీద 1961 అని రాసి హెడ్‌లైట్లు బోసిగా ఉంటే, ఆ తయారీదారు మిగతా పనిని కూడా అనుమానించాల్సిందే.

ప్రశ్న: ఊడిన వైపర్‌ను సూపర్ గ్లూతో అంటిస్తే అద్దం మసకబారింది.

జవాబు: ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. పొర పలచగా ఉంటే ప్లాస్టిక్ పాలిష్‌తో పోతుంది. ఇకపై అద్దాలు, దీపాల దగ్గర తెల్ల పీవీఏ జిగురే వాడండి. అగ్గిపుల్ల మొనతో ఒక చుక్క పెట్టి, రాత్రంతా కదపకండి. ఎక్కువైనా తడి దూదితో తుడిచేయొచ్చు.