మేనకోడలికి ఉత్తరం: ఆ కరెంటు స్తంభాన్ని తుడిచేయకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

ఫీనిక్స్‌లో స్టూడియో ఉద్యోగం మానేసి, ఒక ఏడాది పాటు అరిజోనాలోని మన చిన్లీ ఊరి చుట్టుపక్కలే, మీ అమ్మమ్మ గొర్రెలు మేపిన నేల మీదే ఉండి ఫోటోలు తీయాలని నిశ్చయించుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి నాకు సంతోషంగానూ ఉంది, గుండెలో గుబులుగానూ ఉంది. అమెరికా ఆదివాసులమైన మన నవాహోలలో అక్కచెల్లెళ్ల బిడ్డలకు మంచీ చెడూ చెప్పవలసినవాడు మేనమామ, పైగా నేను కూడా ఈ నేలనే కెమెరాతో చూస్తూ ముసలివాణ్నయ్యాను కనుక, నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

సామాన్ల గురించి నీకు చెప్పవలసింది పెద్దగా లేదు. ఇక్కడి వసంతకాలపు గాలికి ట్రైపాడ్ బరువుగా ఉండాలి. బండిలో మంచినీళ్లు, స్పేర్ టైరు, పార ఎప్పుడూ ఉండాలి. అమ్మకానికి తీసే ఫోటోలకు ఏ అనుమతులు కావాలో మన పార్కుల శాఖను ముందే అడుగు, ఆ నేలలో గొర్రెలు మేపుకునే హక్కున్న కుటుంబాన్ని అంతకన్నా ముందు అడుగు. వేసవిలో మన నవాహో నేషన్‌లో, అంటే మన స్వపాలిత ప్రాంతంలో, గడియారం గంట ముందుకు జరుగుతుంది, మిగతా అరిజోనాలో జరగదు, కాబట్టి చిన్లీలో ఆరైతే నేషన్ బయటున్న పేజ్ ఊళ్లో ఐదే అవుతుంది. సరిహద్దుల దగ్గర ఫోను ఏ టవరును పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది, దాన్ని నమ్ముకుని సూర్యోదయం పోగొట్టుకోకు.

నన్ను నిద్రపోనివ్వనిది నీళ్ల భయం. 1997 ఆగస్టు 12న పేజ్ దగ్గర దిగువ యాంటిలోప్ కెన్యన్ అనే ఇరుకు రాతి లోయలో 11 మంది కొట్టుకుపోయారు. వాన పడింది వాళ్లున్న చోట కాదు, మైళ్ల దూరాన, ఎగువన. రాతినేల నీటిని పీల్చుకోదు కనుక కురిసిందంతా వాగులో చేరి, వాగులోంచి ఆ ఇరుకు సందులోకి తోసుకొస్తుంది, చేతులు చాచితే రెండు గోడలూ తగిలే చోట నీటికి పైకి లేవడం తప్ప వేరే దారి ఉండదు. నువ్వు ముచ్చటపడి తీయబోయే ఆ నున్నటి వంపులన్నీ అలాంటి వరదలు చెక్కినవే. జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం దాటాక ఏ ఇరుకు కెన్యన్‌లోనూ అడుగు పెట్టకు. నెత్తి మీద ఆకాశం నీలంగానే ఉంది కదా మామయ్యా అని నాతో వాదించకు. చుస్కా కొండల మీద మబ్బు నల్లబడిందంటే వాగులోంచి బయటికి వచ్చేయి. ఉరుములతో విరుచుకుపడే మగ వాన ఏం చేస్తుందో, నెమ్మదిగా నేలను తడిపే ఆడ వాన ఏం చేస్తుందో మీ అమ్మమ్మ నీకు చిన్నప్పుడే చెప్పింది. నువ్వు అప్పుడు వినకుండా గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని ఆడుకుంటున్నావు, అందుకే మళ్లీ చెబుతున్నాను.

ఇక అసలు సంగతి. మన నేలను ఫోటో తీయడంలో నూటయాభై ఏళ్లుగా ఒక తప్పు జరుగుతోంది, అది ఇప్పుడు మన పిల్లల కళ్లకూ అలవాటైపోయింది. నేలను ఖాళీగా చూపించడమే ఆ తప్పు. 1873లో తిమోతీ ఓసలివన్ అమెరికా సైన్యం వారి సర్వే బృందంతో వచ్చి, కెన్యన్ ద షేలో కొండ గూటిలో ఉన్న, వైట్ హౌస్ అని పిలిచే పురాతన ఇళ్ల శిథిలాన్ని తీశాడు. అదే ఏడాది అదే మనిషి ఫోర్ట్ డిఫయన్స్ దగ్గర మగ్గంతో ఉన్న మనవాళ్లను కూడా తీశాడు, కానీ లోకం నెత్తిన పెట్టుకున్నది ఆ శిథిలాన్నే. దాదాపు డెబ్బై ఏళ్ల తరువాత ఆన్సెల్ ఆడమ్స్ వచ్చి, ఇంచుమించు అక్కడే నిలబడి, దాన్నే మళ్లీ తీశాడు. రెండూ గొప్ప ఫోటోలే, ఆ రాతి మీది చారలను అంత శ్రద్ధగా చూసినవారంటే నాకు గౌరవమే. అయినా ఆ కెన్యన్ అడుగున మనవాళ్లు మొక్కజొన్న పండిస్తారని, ఇవాళ్టికీ పండిస్తున్నారని వాటిని చూసి ఎవరూ తెలుసుకోలేరు. ఈ రెంటికీ మధ్య 1904లో ఎడ్వర్డ్ కర్టిస్ గుర్రాల మీద దూరంగా వెళ్తున్న మనవాళ్లను వెనుక నుంచి తీసి, అంతరించిపోతున్న జాతి అని పేరు పెట్టాడు. అంతకు నలభై ఏళ్ల ముందు, 1864లో, సైన్యం కెన్యన్‌లోని వేల పీచ్ చెట్లను నరికి, మనవాళ్లను వందల మైళ్లు నడిపించి న్యూ మెక్సికోలోని బాస్కె రెడోండోలో బంధించింది. బతికి మిగిలినవారు 1868 ఒప్పందంతో తిరిగి వచ్చి, ఇళ్లు కట్టుకుని, మళ్లీ పీచ్ తోటలు వేసుకున్నారు. అలా తిరిగొచ్చినవారిని, వారి బిడ్డలను పట్టుకుని అంతరించిపోతున్నారని రాశాడు, అదే నిజమైతే ఈ ఉత్తరం రాయడానికి నేనూ, చదవడానికి నువ్వూ ఉండేవాళ్లం కాదు.

ఈ తప్పు మన ఇంటి దాకా వచ్చిన సంగతి నీకు తెలియదు. ఒక కంపెనీ వేసిన క్యాలెండర్‌లో మీ అమ్మమ్మ హోగన్, అంటే మన సంప్రదాయపు ఇల్లు, దాని వెనుక ఎర్రకొండ ఉన్న ఫోటో వచ్చింది. ఎవరో తెచ్చి ఇస్తే ఆమె కళ్లద్దాలు తుడుచుకుని, కాగితం మీద వేలు పెట్టి వెతికింది. హోగన్ ఉంది, కొండ ఉంది, గొర్రెల దొడ్డి కూడా ఉంది, దొడ్డి పక్కన ఉండవలసిన కరెంటు స్తంభం లేదు. అది ఉండవలసిన చోట ఆకాశం కొంచెం మసకగా ఉంది. ఆ స్తంభం కోసం ఆమె ఎన్ని అర్జీలు పెట్టిందో, మన స్థానిక పాలన జరిపే ఎన్ని చాప్టర్ మీటింగులలో తన వంతు వచ్చే దాకా కూర్చుందో నేను చూశాను. బల్బు వెలిగిన మొదటి రాత్రి దాన్ని తెల్లవార్లూ ఆర్పనివ్వలేదు. మన నేషన్‌లో నేటికీ వేల ఇళ్లకు కరెంటు రాలేదు. “మన స్తంభాన్ని ఎవరు తీసుకుపోయారు?” అని ఆమె అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను.

పోయిన చలికాలంలో నువ్వు చూపించిన ఫోటోలోనూ తీగలు లేవు, తల్లీ. కొండ మీది వెలుగును నేను ఎన్నడూ పట్టలేనంత చక్కగా పట్టావు, ఆ మాట నలుగురిలోనూ చెప్పుకున్నాను. కానీ తీగలను కంప్యూటర్‌లో తుడిచేశావని చూడగానే తెలిసింది, అందరి ముందూ నిన్ను అనడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఇక మీదట ఆ పని చేయకు. తీగ అడ్డమనిపిస్తే దానికీ చోటుండే కూర్పు దొరికే దాకా జరుగు, వంగు, గట్టెక్కు. నీళ్ల ట్యాంకు వేసుకుని వచ్చే పికప్ ట్రక్కు ఫ్రేములోకి వస్తే, అది దాటిపోయే దాకా ఆగవద్దు.

తీయకూడనివాటి గురించి నిన్ను హెచ్చరించవలసిన పని లేదు. 2023 అక్టోబరు 14న కంకణ గ్రహణం మాన్యుమెంట్ వ్యాలీ మీదుగా పోయినప్పుడు మన పార్కులు మూసేశారు. ఆ శిఖరాల మీద ఆ ఉంగరం ఎంతమంది ఫోటోగ్రాఫర్లు కోరుకున్న దృశ్యమో నీకు తెలుసు. నువ్వు మాత్రం గ్రహణాన్ని చూడకూడదన్న మన ఆచారం ప్రకారం మీ అమ్మ పక్కన, తలుపులు వేసుకుని, గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా కూర్చున్నావు. నిన్ను ఈ నేల మీదికి కెమెరాతో పంపవచ్చని నాకు ఆ రోజే నమ్మకం కుదిరింది.

ఇంటి దగ్గరే ఉండి ఏం తీస్తావని ఎవరైనా అడిగితే మనవాళ్ల పని చూపించు. యూజీన్ తపాహే 2020లో, కరోనా రోజుల్లో, తన కూతుళ్లతో పాటు స్వస్థత కోరి చేసే నాట్యానికి వేసుకునే, రేకు గొట్టాలు గలగలలాడే జింగిల్ డ్రెస్ వేసుకున్న అమ్మాయిలను జాతీయ పార్కుల్లో నిలబెట్టి ఫోటోలు తీశాడు, ఆ కొండల ముందు మన ఆడపిల్లలు కనిపించేసరికి నాకు కళ్లు చెమర్చాయి. మన నేల మీద పాడుబెట్టిన యురేనియం గనులు 500కు పైగా ఉన్నాయి, విల్ విల్సన్ వాటిని డ్రోన్‌తో పైనుంచి తీస్తున్నాడు. ఆయనే పాత పద్ధతిలో రేకు మీద మనుషుల ఫోటోలు తీసి, అసలు రేకును ఎదుట కూర్చున్నవారికే ఇచ్చేసి, స్కాన్ మాత్రం తన దగ్గర ఉంచుకుంటాడు. నువ్వు కూడా ఎవరి నేల మీద తీస్తే మొదటి ప్రింటు వాళ్ల ఇంటికి పట్టుకెళ్లి ఇవ్వు, ఇచ్చి వెంటనే లేచి రాకుండా కాఫీ తాగి, వాళ్లు చెప్పేది విను.

డబ్బుకు ఇబ్బందైతే మొహమాటపడకుండా నాకు చెప్పు. ట్రక్కుకు కొత్త టైర్లు వేయించాను, అది నువ్వే తీసుకో. ఇల్లు కదిలే ముందు ఏ వాగు వైపు పోతున్నావో, ఎన్ని గంటలకు తిరిగి వస్తావో మన టైము ప్రకారం కాగితం మీద రాసి మీ అమ్మ చేతికి ఇచ్చి వెళ్లు.

ఆశీస్సులతో,
మీ మామయ్య