పాత కారుకు కొత్త క్లచ్ వేశాక గేర్ పడటం లేదు, ఎందుకు?

ఇంజన్ ఆపి ఉంటే గేర్లు సాఫీగా పడి, స్టార్ట్ చేశాక పెడల్ పూర్తిగా తొక్కినా కరకరమంటున్నాయంటే క్లచ్ విడవడం లేదని, అంటే ఇంజన్‌ను గేర్‌బాక్స్ నుంచి వేరు చేయడం లేదని అర్థం. వెంటనే గేర్‌బాక్స్ దించకండి. ముందు బయటి నుంచి తేలేది చూడాలి.

హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) క్లచ్ అయితే పెడల్‌ను గబగబా రెండు మూడుసార్లు తొక్కి గేర్ వేసి చూడండి. అప్పుడు పడితే లైన్లో గాలి ఉన్నట్టు, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టేది) సీల్ అరిగినట్టు. పడకపోతే ఒకరిని పెడల్ తొక్కమని, కారు కింద స్లేవ్ సిలిండర్ (ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడిపించేది) పుష్ రాడ్ ఎంత కదులుతోందో స్కేలుతో కొలవండి. చాలా పాత కార్లలో సుమారు 12 మి.మీ. కదలాలి, కచ్చితమైన కొలత మాన్యువల్లో ఉంటుంది. తక్కువైతే తప్పు బయటే ఉంది. పాతబడిన రబ్బరు హోస్ ఒత్తిడికి ఉబ్బినా, పెడల్ పిన్ను రంధ్రం అరిగి వదులైనా కదలిక తగ్గిపోతుంది. పిన్నును ఎవరూ పట్టించుకోరు గానీ, అక్కడి కొద్దిపాటి లూజు రాడ్ కదలికలో బాగా తెలుస్తుంది. కేబుల్ క్లచ్ అయితే ఫ్రీ ప్లే (క్లచ్ కదలడం మొదలయ్యేలోపు పెడల్‌కు ఉండే లూజు) సరిచేస్తే చాలాసార్లు సరిపోతుంది.

రాడ్ సరిగ్గానే కదులుతుంటే ఇక గేర్‌బాక్స్ దించక తప్పదు. నా అనుమానం మొదట క్లచ్ డిస్క్ మీదే: తిరగేసి బిగిస్తే దాని స్ప్రింగుల హబ్ ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) బోల్టులకు తగులుతుంది, ఆ రాపిడి గుర్తులు కంటికి కనిపిస్తాయి. బిగించేటప్పుడు గేర్‌బాక్స్ బరువంతా షాఫ్ట్ మీద వేలాడితే డిస్క్ వంగుతుంది. పైలట్ బుష్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొన కూర్చునే చిన్న బుష్) పట్టేసినా ఇదే లక్షణం.