ఆర్కేడ్ క్యాబినెట్ తెరపై బొమ్మ రెండుగా చీలడం గురించి

కంప్యూటర్‌ను కలిపిన వెంటనే బొమ్మ రెండుగా చీలి, అడ్డంగా జారిపోతోందని రాశారు. ముందుగా దయచేసి క్యాబినెట్‌ను ఆపివేయండి, ఎందుకంటే తనకు సరిపడని పౌనఃపున్యాన్ని (సెకనుకు గీసే గీతల సంఖ్యను) ఎక్కువసేపు అందుకుంటే పాత సీఆర్‌టీ (గాజు గొట్టపు తెర) మానిటర్‌లోని భాగాలు దెబ్బతినవచ్చు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి తీగలలో లోపం ఉందని నేను అనుకోవడం లేదు. పాత ఆర్కేడ్ మానిటర్లలో అధిక భాగం సెకనుకు సుమారు 15,700 అడ్డగీతలు గీస్తాయి, దీన్నే 15 కిలోహెర్ట్జ్ అంటారు. కంప్యూటర్ మానిటర్‌కు బొమ్మ పంపే వీజీఏ మాత్రం 640×480 వద్ద కూడా దాదాపు 31,500 పంపుతుంది. అందువల్ల విండోస్‌లో రిజల్యూషన్ తగ్గించినంత మాత్రాన ఫలితం ఉండదు. తగిన రేడియాన్ గ్రాఫిక్స్ కార్డుకు సీఆర్‌టీ ఈమూడ్రైవర్‌ను (ఇలాంటి పాత తెరల కోసం మార్చిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్) స్థాపించి, 15 కిలోహెర్ట్జ్ మోడ్‌లను రూపొందించుకోవాలి. ఈ పనంతా మామూలు మానిటర్‌పైనే పూర్తిచేయండి.

సింక్ (గీత, బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో మానిటర్‌కు చెప్పే సంకేతం) విషయం కూడా ముఖ్యమే. వీజీఏలో అడ్డ, నిలువు సింక్‌లు వేర్వేరు తీగల్లో వస్తాయి, ఆర్కేడ్ క్యాబినెట్లలో వాడే జామా కనెక్టర్‌లో రెండింటికీ ఒకే తీగ ఉంటుంది. పైగా వీజీఏ రంగుల సంకేతం 0.7 వోల్టులే కనుక బొమ్మ మసకగా కనిపించవచ్చు. కంప్యూటర్‌ను జామా కనెక్టర్‌కు కలిపే జే-ప్యాక్ బోర్డు సింక్‌లను కలిపి, సంకేతాన్ని పెంచి, మానిటర్‌కు సరిపడని పౌనఃపున్యాన్ని అడ్డుకుంటుంది కాబట్టి, నేనైతే అది లేకుండా మళ్లీ కలపను. అది అమర్చాక కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెర కాసేపు నల్లగా ఉంటే కంగారుపడకండి, ఆ దశలో 31 కిలోహెర్ట్జ్ సంకేతమే వస్తుంది.